ఇత్తడి తీగ, పదమూడో ఎక్కం

నా చిన్నప్పుడు మా ఇంట్లో తీగలకు కూడా పుట్టినరోజు ఉండేది. తంబూరకు కొత్త తీగ కట్టిన నాడు మా బాపమ్మ నన్ను పిలిచి, గోడ అలమర తలుపు లోపలి వైపు బొగ్గుతో ఆ తారీఖు రాయించేది. బాపమ్మ అంటే నాన్న తల్లి. ఆమెకు అక్షరం ముక్క రాదు. నాకు ఆరేళ్ళు నిండి అంకెలు కుదురుగా రాయడం వచ్చినప్పటి నుంచి ఆ పని నాదే. ఇప్పుడు నాకు డెబ్బై ఒకటి. ఇంట్లోకి కొత్త వస్తువు ఏది వచ్చినా దాని మీద తారీఖు వేయనిదే నా చేయి ఊరుకోదు.

మొన్న కరీంనగర్‌లో నా మనవరాలు గిటార్ ఒళ్ళో పెట్టుకుని, తీగలు ఎన్నాళ్ళకోసారి మార్చాలో, ఏ రకం ఎక్కువ కాలం వస్తాయో చెప్పమని అడిగింది. నవ్వులాటకే అడిగింది. నేను లోపలికి పోయి నోటుబుక్కు తెచ్చాను. ఆమె గిటార్ కొన్న నాటి నుంచి ప్రతి తీగా ఎప్పుడు ఎక్కిందో, ఎప్పుడు దిగిందో అందులో ఉంది. మామూలు తీగలు యాభై రెండు రోజులు, పైన పూత ఉన్నవి నూట పద్దెనిమిది. వాయించిన తర్వాత చెమట తుడవకపోతే దేనికైనా పది రోజులు తగ్గుతుంది. సన్నవి తెగిపోతాయి. చుట్టు తీగ ఉన్న లావువి తెగవు, కాని తెగకముందే మూగబోతాయి. అందుకని వాటిని చెవితో చూడాలి, కంటితో కాదు. పిల్ల నోరు తెరిచి నన్నే చూసింది. ఇంత లెక్క ఎందుకు అమ్మమ్మా అంది. ఆ రోజు ఏదో చెప్పి తప్పించుకున్నాను. సరైన జవాబు ఇది.

మాది ఖానాపూర్ పక్కన పల్లె. ఇంట్లో తాత, బాపమ్మ, బాపు, అవ్వ, నేను. మా దిక్కు నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలుస్తారు. బాపమ్మ ఏకాదశి భజనల్లో ముందు కూర్చుని పాడేది. ఆమె తంబూరకు నాలుగు తీగలు. మూడు సన్నని ఉక్కు తీగలు, నాలుగోది లావుపాటి ఇత్తడిది. ఉక్కు తీగలను ఏడాదికి రెండుసార్లు, శివరాత్రికి ఒకసారి, తొలి ఏకాదశికి ఒకసారి మార్చేది. ఇత్తడి తీగను శివరాత్రికి మాత్రమే. తీగ తెగినా తెగకపోయినా ఆ రోజుకు తీసేయవలసిందే. తీగ ఆనే చిన్న చెక్కను గుర్రం అంటారు. తీగకూ గుర్రానికీ మధ్య ఒక నూలుపోగు దూర్చి, దాన్ని వెంట్రుకంత ముందుకూ వెనక్కూ జరిపేది. సరైన చోట ఆగితే తీగ తేనెటీగలా మోగేది. కుదరకపోతే కట్టెలా పలికేది. ఇత్తడి తీగను తన గొంతు ఎంత కిందికి దిగితే అంతకు శ్రుతి చేసుకునేది.

దీపాలు పెట్టే వేళ నేను వసారాలో గోడకు వీపు ఆనించి ఎక్కాలు చదవాలి. అది తాత పెట్టిన నియమం. గోడకు అవతల బాపమ్మ పడుకునే గది, మా మాటలో అర్ర. నేను రాగం తీస్తూ ఎక్కం చెబుతుంటే ఆమె లోపలి నుంచి నోరు మూసుకుని నా గొంతులో గొంతు కలిపేది. మాటలుండవు, మోత ఒక్కటే. ఎక్కాలు ఆమెకు తెలియవు. కాని నేను ఎక్కడైనా తప్పితే ఆ మోత టక్కున ఆగిపోయేది. నేను సరిచేసుకున్నాక మళ్ళీ మొదలయ్యేది. నా తడబాటు ఆమెకు గొంతులోనే తెలిసిపోయేదేమో. నేను తప్పేది సాధారణంగా ఒకే చోట. పదమూడో ఎక్కం, ఏడు దగ్గర.

నాకు తొమ్మిదేళ్ళు నిండిన ఏడు ఆమె మంచాన పడింది. తొలి ఏకాదశికి తీగలు మార్చలేదు. ఆ తర్వాత నలభై ఒకటో రోజు, శ్రావణ బహుళ సప్తమి మంగళవారం, మూడు రోజులుగా వాన ఆగకుండా పడుతుండగా, పొద్దున మేమందరం ఆమె మంచం చుట్టూ ఉండగా మూలనున్న తంబూర నుంచి ఒక ఉక్కు తీగ ఠంగున తెగింది. గంట గడవకముందే బాపమ్మ పోయింది.

అయ్యగారు పంచాంగం చూసి, పోయిన నక్షత్రం మంచిది కాదు, ఆరు నెలలు ఆ అర్ర మూసి పెట్టాలన్నారు. మా దిక్కు అది కొత్తేమీ కాదు. తలుపుకు తాళం పడింది. తాళం మీద అడ్డంగా రేగుకంప కట్టారు. తంబూర లోపలే, మూలన గోడకు ఆనించినట్టే ఉండిపోయింది. మామూలుగా దాన్ని నాలుగు రోజులు పక్కన పెట్టవలసి వచ్చినా బాపమ్మ బిరడలు తిప్పి తీగలు వదులు చేసేది. ఆ రోజు ఆ సంగతి ఎవరికీ తోచలేదు. తోచినా, చావు జరిగిన అర్రలో ఆమె వస్తువును ముట్టుకునే ధైర్యం ఎవరికుంది. మిగిలిన మూడు తీగలూ బిగిసినవి బిగిసినట్టే, ఆ చీకట్లో, ఆ తేమలో ఉండిపోయాయి.

దినవారాలకు చొప్పదండి నుంచి వచ్చిన మా మేనత్త కొన్ని నెలలు మా ఇంట్లోనే ఉంది. చేతి పని చురుగ్గా చేసేది, నోటి పని అంతకంటే చురుగ్గా. పదకొండో రోజు మాపటికి నేను మళ్ళీ ఎక్కాలు మొదలుపెట్టాను. రెండో ఎక్కం సగంలో ఉండగా వీపు వెనక గోడలో నుంచి సన్నగా మోత వచ్చింది. నేను ఆపితే అదీ కొంతసేపటికి ఆగింది. మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ వచ్చింది. వసారాలో బియ్యం ఏరుతున్న అత్త చేట కింద పెట్టి కదలకుండా విన్నది.

"మీ బాపమ్మ ఏడికీ పోలే" అన్నది చివరికి.

నేను వీపును గోడకు ఎడంగా జరుపుకున్నాను. లేచి పోబోతే తాత తన మంచం మీద నుంచే, ఎక్కాలు పూర్తయ్యాకే లెమ్మన్నాడు. ఆ వేళ నుంచి రోజూ అంతే. ఎక్కాలు చెప్పాలి, గోడ మోగుతుంది, నేను గోడకు వీపు ఆనించకుండా ముందుకు వంగి కూర్చోవాలి.

భయానికి నాకు తెలిసిన మందు ఒకటే, రాసి పెట్టుకోవడం. బడి నోటుబుక్కు వెనక పేజీల్లో గీతలు కొట్టి మూడు వరుసలు చేశాను. మొదటి వరుసలో తారీఖు. రెండో వరుసలో చూపు, అంటే తీగలు ఎన్ని కనబడ్డాయో. మూడో వరుసలో వినికిడి, అంటే మోత వచ్చిందా లేదా. అర్రకు పెరటి వైపు చిన్న కిటికీ ఉండేది. దాని రెక్కల సందు నుంచి పగటి వెలుగులో తంబూర కనిపించేది. నేను సాయంత్రం బడి నుంచి వచ్చి, వెలుగు పోకముందే ఒక కన్ను మూసి తీగలు లెక్కపెట్టేదాన్ని. మూడు. మర్నాడు మూడు. ఆ మర్నాడు మూడు. కళ్ళతో చూడనిది చూపు వరుసలో రాయకూడదని నాకు నేనే నియమం పెట్టుకున్నాను.

దసరా దాటాక, బాపమ్మ పోయిన అరవై రెండో రోజు, సోమవారం, రెండు కనబడ్డాయి. రెండు రోజులకల్లా మా పాడిబర్రె కడుపుబ్బి చచ్చిపోయింది. దాని తర్వాత ముప్పై ఒకటో రోజు, గురువారం, ఒక్కటే కనబడింది. ఆ వారంలోనే పక్కింటి ముసలాయన పీట మీద కూర్చుని అన్నం తింటూ పక్కకు ఒరిగిపోయాడు. ఇప్పుడు తంబూర మీద మిగిలింది ఇత్తడి తీగ. దాని మోత మిగతావాటికంటే లోతుగా, అడుగు నుంచి వచ్చినట్టు ఉండేది.

అత్త వేళ్ళు మడిచి చెప్పింది. "మూడు తెగినయి, మూడు పానాలు పోయినయి. ఇంకొక్కటున్నది. నన్నైతే లెక్కల కలపకుండ్రి, నా ఇంటిపేరు మారి ముప్పై ఏండ్లయింది."

"బర్రెకు ఏ ఇంటిపేరున్నదే?" అన్నాడు తాత.

అవ్వ మూతికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను నవ్వలేదు. అరవై రెండులో సగం ముప్పై ఒకటి. ముప్పై ఒకటిలో సగం పదిహేనున్నర. గురువారం నుంచి పదిహేను రోజులు లెక్కపెడితే శుక్రవారం వస్తుంది. ఆ తారీఖు చుట్టూ పెన్సిలుతో గీత గీశాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. లెక్క అంత చక్కగా కుదరడమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఆ గీత గీసిన మూడో రోజున, ఉట్నూరు అడవి వైపు ఎడ్ల బేరానికి పోయిన మా బాపు చలిజ్వరంతో తిరిగొచ్చాడు. దిగిన జీపు దగ్గర నుంచి ఇంటి దాకా ఇద్దరు పట్టుకుని నడిపించారు. ఆయన మంచం వసారాలో, నేను ఎక్కాలు చదివే చోటికి రెండు బారల దూరంలో వేశారు. కంపౌండరు వచ్చి చేదు గోళీలు ఇచ్చి, కడుపులో ఏదైనా పడితేనే అవి పనిచేస్తాయని చెప్పి పోయాడు. మొదటి నాలుగు రోజులు బాపు పలచటి జొన్న గట్క తాగాడు, గోళీలు మింగాడు. అయిదో రోజు అవ్వా అత్తా వంటింట్లో మాట్లాడుకోవడం ఆయన చెవిన పడింది.

"వదినె, జర మెల్లగ. ఆయనకు వినవడ్తది" అంటోంది అవ్వ.

"విననీ. నేను చెప్పకపోతే తీగ ఆగుతదా?"

ఆ వేళ నుంచి బాపు గిన్నె పక్కకు జరపడం మొదలుపెట్టాడు. మా బాపు దేనికీ జంకే మనిషి కాడు. పాములను కర్రతో ఎత్తి కంచె అవతల వేసేవాడు. అటువంటి మనిషి మాపటికి నన్ను మంచం దగ్గరికి పిలిచి, అవ్వ వినకుండా అడిగేవాడు.

"తీగ ఉన్నదా బిడ్డా?"

"ఉన్నది బాపు."

"నువ్వు చూసినవా?"

"చూసిన."

అప్పుడు రెండు గుక్కలు తాగేవాడు. ఉన్నదని నేను చెప్పినంతసేపే ఆయన గొంతులోకి గట్క దిగేది. తొమ్మిదేళ్ళ పిల్లకు అంత బరువు ఎత్తకూడదు. కాని ఎత్తింది ఎవరో నాకు తెలియదు, దించే దారీ తెలియదు. రోజూ బడి నుంచి ఉరికొచ్చి, పుస్తకాల సంచి దించకుండానే పెరట్లో కిటికీకి కన్ను ఆనించేదాన్ని. ఒకటి. చూపు, ఒకటి. వినికిడి, ఉన్నది.

శుక్రవారం వచ్చింది. బడి విడవగానే ఉరికాను. పెరట్లోకి పోతే కిటికీకి గోనెసంచి అడ్డం కొట్టి ఉంది. నాలుగు మూలలా మేకులు. లాగితే రాలేదు. తాత వసారాలో బాపు కాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నాడు. అడిగితే, కిటికీల నుంచి పిల్లి దూరుతున్నదని నా మొహం చూడకుండా చెప్పాడు. ఆయన కుడి మోచేతి కింద మూడు గీతలు, కొత్తవి, ఎర్రగా ఉన్నాయి. అవేమిటని అడిగితే రేగుపండ్లకు పోయానన్నాడు. మూడు గీతలని కూడా రాసుకున్నాను. ఎందుకు రాశానో తెలియదు, కనబడింది కనుక రాశాను.

దీపం పెట్టారు. బాపు కళ్ళు మూసుకుని ఉన్నా నా కోసమే కాచుకున్నాడని తెలుస్తోంది. నేను చూడలేదు. చూడకుండా చూశానని ఎట్లా చెప్పను. ఏం చేయాలో తోచక నా చోటికి పోయి కూర్చుని ఎక్కాలు మొదలుపెట్టాను. ఆ వేళ మొదటిసారి గోడకు వీపు గట్టిగా ఆనించాను. మోత వస్తే తీగ ఉన్నట్టు. రాకపోతే లేనట్టు. అంతకంటే వేరే సాక్ష్యం నాకు లేదు.

రెండో ఎక్కానికి ఏమీ రాలేదు. మూడుకు రాలేదు. అయిదో ఎక్కం దాటుతుండగా, నా వెన్నుపూస మీద ముందు తెలిసి తర్వాత చెవికి తెలిసింది. లోతైన మోత. ఎప్పటికంటే మెల్లగా, ఎప్పటికంటే దగ్గరగా. గోడకు అవతల కాదు, గోడలోనే ఉన్నట్టు. నేను ఎక్కం ఆపలేదు. పదకొండు, పన్నెండు అయ్యాయి. పదమూడో ఎక్కంలో భయానికి నాలుక తిరగబడి, పదమూడేడ్లు తొంభై రెండు అన్నాను.

మోత ఆగిపోయింది.

సన్నగిల్లి ఆగలేదు. టక్కున ఆగింది. తీగ తెగిందనుకున్నాను. బాపు వైపు చూశాను. ఆయన ఛాతీ లేస్తోందా లేదా అని చూస్తూ ఎన్నిసార్లు కళ్ళు ఆర్పానో తెలియదు. లేచింది. పడింది. మళ్ళీ లేచింది. అప్పుడు, ఎవరు చెప్పారో నాకు, నోరు దానంతట అదే తెరుచుకుని, పదమూడేడ్లు తొంభై ఒకటి అన్నది. మోత మళ్ళీ మొదలైంది. ఇరవయ్యో ఎక్కం దాకా నాతోనే ఉంది.

లేచి బాపు దగ్గరికి పోయాను.

"ఉన్నదా?"

"ఉన్నది బాపు."

ఆ వేళ చూశావా అని ఆయన అడగలేదు. నా మొహంలో ఏం కనబడిందో, గిన్నె ఎత్తి సగానికి పైగా తాగాడు. గోళీ మింగాడు. నేను నోటుబుక్కు తీసి, చూపు వరుసలో కనబడలేదు అని, వినికిడి వరుసలో ఉన్నది అని రాశాను. దాని పక్కన చిన్న అక్షరాలతో, ఏడు దగ్గర ఆగి మళ్ళీ వచ్చింది అని కూడా రాశాను.

శనివారం పొద్దున తాత మందులకని బస్సెక్కి నిర్మల్ పోయి, మధ్యాహ్నం దాటాక వచ్చాడు. సాయంత్రానికి కిటికీకి గోనెసంచి లేదు. కన్ను ఆనించి చూశాను. ఇత్తడి తీగ ఉంది. చూపు, ఒకటి. వినికిడి, ఉన్నది. గీత గీసిన తారీఖు దాటింది, ఏమీ కాలేదు. బాపుకు రోజురోజుకూ జ్వరం దిగింది. ఆ తర్వాతి ఆదివారం కాక, దాని మీది ఆదివారం ఆయన లేచి, గోడ పట్టుకోకుండా పెరట్లోకి నడిచి, ఎండలో కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నం అత్త వాగుకు బట్టలు ఉతకడానికి పోయాక, తాత నన్ను కిటికీ దగ్గరికి పిలిచాడు.

"గా తీగ ఎప్పటిదే?"

"శివరాత్రిది. అలమరల రాసి ఉన్నది."

"రాసింది కాదు. చూసి చెప్పు."

చూశాను. తొమ్మిది రోజులుగా చూస్తూనే ఉన్నాను. ఒకటి, ఒకటి అని లెక్కపెడుతూనే ఉన్నాను. ఇప్పుడు లెక్కపెట్టకుండా చూశాను. తీగ నల్లబడే ఉంది. కాని ఆ నలుపు ఒక చోట వేలితో తుడిచినట్టు పోయి, కింద పసుపు పచ్చగా మెరుస్తోంది. గుర్రం మీద తీగ కింద నూలుపోగు తెల్లగా, అప్పుడే వడికినట్టు ఉంది. తీగకు దీపం మసి పూసిన తాత, నూలుపోగుకు పూయడం మరిచిపోయాడు.

శుక్రవారం పట్టపగలు, అవ్వా అత్తా చేను కాడ ఉండగా, ఆయన ఒక్కడే బాపు పక్కన కూర్చుని ఉండగా తీగ తెగిందట. బాపు నిద్రలో ఉన్నాడు. తాత లేచి రేగుకంప తీసి, తాళం తీసి, ఆరు నెలలు నిండకుండా ఎవరూ అడుగు పెట్టకూడని అర్రలోకి పోయాడు. తెగిన ముక్కలు తీసి రొండిన దోపుకున్నాడు. కిటికీకి గోనె కొట్టాడు. కొత్త తీగ ఇంట్లో లేదు. దాని కోసమే నిర్మల్ పోయాడు. శనివారం మళ్ళీ కంప తీసి లోపలికి పోయి కట్టాడు.

"తెగిన తీగ తొమ్మిది దినాల నుంచి నా రొండిల ఉన్నది. మీ బాపు ఎండల కూసున్నడు. ఇగ చెప్పు, ఏ తీగకు ఎవరి పానం కట్టి ఉన్నదో."

నా కళ్ళ నిండా నీళ్ళు వచ్చాయి. సంతోషంతో కాదు. నన్ను మోసం చేశాడని. నా నోటుబుక్కులో తొమ్మిది రోజులు అబద్ధం రాయించాడని. ఆ మాటే అన్నాను. తాత నొచ్చుకోలేదు. నన్ను అలమర దగ్గరికి తీసుకుపోయి, తలుపు తెరిచి, నేనే రాసిన బొగ్గు అంకెల కింద వేలు పెట్టి లెక్క చేయించాడు. ఉక్కు తీగకు బాపమ్మ ఇచ్చిన ఆయుష్షు శివరాత్రి నుంచి తొలి ఏకాదశి దాకా, నూట ముప్పై ఒక్క రోజులు. మొదటిది తెగింది నూట డెబ్బై రెండో రోజు. రెండోది రెండు వందల ముప్పై నాలుగు. మూడోది రెండు వందల అరవై అయిదు. అన్నీ ఆయుష్షు దాటి బతికినవే. వాన తేమకు తుప్పు పట్టి, వదులు చేసే చెయ్యి లేక, బిగుసుకుని బిగుసుకుని తెగాయి. ఇత్తడి తుప్పు పట్టదు, లావు, అందుకని చివరి దాకా ఆగింది; వదులు చేయక అదీ ఏడాది నిండకుండానే తెగింది.

"నీ లెక్క తప్పు గాదు బిడ్డా. మొదలు తప్పు. చావు నుంచి లెక్కవెట్టినవు. తీగ కట్టిన దినం నుంచి లెక్కవెట్టాలె."

మోత సంగతి కూడా ఆయనే తేల్చాడు. నన్ను వసారాలో ఎక్కం చెప్పమని, తాను కిటికీ దగ్గర నిలబడ్డాడు. నేను చెబుతుంటే గోడ మోగింది. కిటికీ లోపలికి పొడుగాటి కర్ర దూర్చి, దాని కొనను తీగకు ఆనించాడు. మోత ఆగింది. కర్ర తీశాడు. మోగింది. బాపమ్మ తన గొంతుకు శ్రుతి చేసుకున్న తీగ అది. నా గొంతు ఆమె గొంతే కనుక, నేను ఎక్కం రాగం తీసినప్పుడల్లా అది గోడ గుండా విని బదులు పలుకుతుంది. పాత తీగను ఆమె ఏ శ్రుతిలో పెట్టిందో తాతకు చెవిలో ఉంది, కొత్తదాన్నీ అక్కడికే బిగించాడు. నాలుగు నెలలుగా నేను భయపడింది నా గొంతుకేనన్నమాట.

నా గుండె తేలికపడింది. నోటుబుక్కు తెచ్చి, ఆ తొమ్మిది రోజుల ఎదురుగా కొత్త తీగ అని దిద్దుతూ వెనక్కి వచ్చాను. శనివారం దగ్గర దిద్దాను. శుక్రవారం దగ్గర చేయి ఆగిపోయింది.

"తాతా, శుక్రవారం మాపటికి తంబూర మీద ఏ తీగ ఉన్నది?"

"ఏదీ లేదు. చెప్పిన గద."

నోటుబుక్కు ఆయన చేతికిచ్చాను. తాతకు చదువు వచ్చు, కాని నిదానం. ఆ పంక్తి మీద వేలు పెట్టి ఒక్కో అక్షరమూ చదివాడు. కనబడలేదు. ఉన్నది. ఏడు దగ్గర ఆగి మళ్ళీ వచ్చింది. వేలు మొదటికి తెచ్చి మళ్ళీ చదివాడు. ఆ రోజు వసారాలో ఆయనా ఉన్నాడు, ఆయనా విని ఉండాలి. తీగ లేదని తెలిసి, విని, ఏమీ అనకుండా కూర్చుని ఉండాలి. నాకు అది అప్పుడు తోచలేదు. చాలా ఏళ్ళకు తోచింది.

"ఏ ఏడు కాడ?" అని అడిగాడు.

"పదమూడేడ్ల కాడ. తొంభై రెండన్న."

"నువ్వు తప్పేది గాడనే" అన్నాడు. నేను తప్పినప్పుడల్లా బాపమ్మ అనే మాట అది. అచ్చం ఆమె అన్నట్టే అన్నాడు. తర్వాత నోటుబుక్కు మూసి నా చేతిలో పెట్టి, దాన్ని దిద్దకు, ఉండనీ అని పెరట్లోకి, బాపు దగ్గరికి పోయాడు.

మాఘ బహుళ సప్తమికి ఆరు నెలలు నిండాయి. అర్ర తెరిచి కడిగారు. వారానికి శివరాత్రి. తాతే నాలుగు తీగలూ కొత్తవి కట్టాడు, నేను తారీఖు రాశాను. తంబూరను పక్కన పెట్టేటప్పుడు బిరడలు వదులు చేయడం ఆ రోజు నాకు నేర్పాడు. ఆ తర్వాత ఎక్కాలు చదువుతుంటే గోడ మోగేది, నేను గోడకు ఆనుకుని హాయిగా చదివేదాన్ని. తప్పితే మాత్రం ఎప్పుడూ ఆగలేదు. తీగకు ఎక్కాలు రావు కదా.

బాపు ఆ తర్వాత నలభై నాలుగేళ్ళు బతికాడు. మేనత్త చివరి దాకా తన లెక్కే సరైనదని, ఎక్కడో ఒక కోడో కుక్కో చచ్చే ఉంటుందని వాదించింది.

మనవరాలికి చెప్పవలసింది ఇది. తీగ కట్టిన రోజు రాసుకో. ఆయుష్షు తీరాక తెగేదాకా ఉంచకు. ఊరికి పోతే వదులు చేసి పో. లెక్కపెట్టినంత మాత్రాన చూసినట్టు కాదు. మసి కింద మెరుపును, తెల్లటి నూలుపోగును నేను తొమ్మిది రోజులు చూడలేదు, ఒకటి అని రాసుకుంటూ పోయాను. ఏదైనా చెడు వరుసగా జరిగితే మొదటి తారీఖు ఎక్కడ పెట్టావో ముందు చూసుకో. ఇవన్నీ నా డెబ్బై ఒక్కేళ్ళలో లెక్క తప్పకుండా పనికొచ్చినవే.

ఆ నోటుబుక్కు ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. అన్ని రోజులకూ లెక్క కుదిరింది, ఒక్క శుక్రవారానికి తప్ప. దాన్ని దిద్దలేదు. పిల్ల పాత తీగలన్నీ విప్పి, కొత్తవి ఇంకా ఎక్కించకుండా గిటార్‌ను గోడకు ఆనించి పెట్టి చేతులు కడుక్కోవడానికి పోయినప్పుడు, నేను దాని పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని పదమూడో ఎక్కం మెల్లగా చెప్పుకుంటాను. ఏడు దగ్గరికి వచ్చాక ఒక్క క్షణం ఆగుతాను. ఆగి, ప్రతిసారీ తొంభై ఒకటి అనే అంటాను. తప్పు చెప్పి చూసే ధైర్యం ఇంతవరకు చేయలేదు.